నీరజ్ కంటే ఒక్క రోజు ముందు: లియు షియింగ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

జావెలిన్ అనగానే మనవాళ్ళకి నీరజ్ చోప్రా గుర్తొస్తాడు, రావాల్సిందే కూడా. కానీ 2021 ఒలింపిక్స్‌లో అతను గోల్డ్ కొట్టిన అదే టోక్యో స్టేడియంలో, అతనికి సరిగ్గా ఒక రోజు ముందు, ఒక చైనా అమ్మాయి మొదటి త్రోతోనే గోల్డ్ పట్టుకుపోయింది. ఆవిడ పేరు ఎత్తితే చాలు, "ఎవరావిడ, ఎప్పుడు, మనవాళ్ళు లేరా అందులో" అని నన్ను అవే డౌట్లు అడుగుతున్నారు, చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

## పేరూ ఊరూ

అసలు లియు షియింగ్ ఎవరండీ, ఒక్క ముక్కలో చెప్పండి?

చైనా జావెలిన్ త్రోయర్. 2021 ఆగస్టు 6న టోక్యో ఒలింపిక్స్‌లో 66.34 మీటర్లు విసిరి గోల్డ్ కొట్టింది. ఆడవాళ్ళ జావెలిన్‌లో ఒలింపిక్ గోల్డ్ ఆసియాకి రావడం అదే మొదటిసారి. దానికి ముందు 2018 జకార్తా ఏషియన్ గేమ్స్ గోల్డ్, 2019 దోహా వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ సిల్వర్. కెరీర్ బెస్ట్ 67.29, అది 2020 సెప్టెంబర్‌లో షావోసింగ్‌లో వేసింది. ఒక్క ముక్క అన్నారు గానీ నాలుగైదు అయ్యాయి, ఏం చేస్తాం.

లియు షియాంగ్ అని హర్డిల్స్ అతను ఉండేవాడు కదా, ఆయనకి చుట్టమా?

కాదండీ. చైనా వాళ్ళకి ఇంటి పేరు ముందొస్తుంది, మనకి లాగే. "లియు" ఇంటి పేరు, "షియింగ్" ఆమె పేరు. లియు అనే ఇంటి పేరు అక్కడ కోట్ల మందికి ఉంటుంది. 2004 ఏథెన్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్ గెలిచిన లియు షియాంగ్ వేరు, 2016 రియోలో 20 కిలోమీటర్ల నడకలో గోల్డ్ కొట్టిన లియు హాంగ్ వేరు, 2018 జకార్తాలో నీరజ్ పక్కన సిల్వర్ తీసుకున్న లియు చీజెన్ వేరు. టీవీలో ఒక్కోసారి ఇంటి పేరు వెనక పెట్టి "షియింగ్ లియు" అని వేస్తారు, అది చూసి ఇద్దరు వేరే అమ్మాయిలు అనుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఆ పేరుకి అర్థం ఏమైనా ఉందా?

ఉంది, భలే ఉంటుంది. "షి" అంటే కవిత. "యింగ్" అనే అక్షరానికి అసలు అర్థం గింజ కొసన సూదిలా పొడుచుకొచ్చే ముల్లు, వరి కంకి చేత్తో దూస్తే గుచ్చుకుంటుందే అది. అక్కడి నుంచి "మొనదేరింది", "చురుకైనది" అనే అర్థాలు వచ్చాయి. పాపం అమ్మానాన్నలు తెలివైన పిల్ల కావాలని పెట్టుంటారు, పిల్ల నిజంగానే మొన ఉన్న వస్తువు చేత్తో పట్టుకుంది.

ఏ ఊరు, వయసెంత?

షాన్‌డాంగ్ ప్రావిన్స్‌లో యాన్‌తాయ్. చైనాకి తూర్పు వైపు సముద్రం ఒడ్డున ఉండే పోర్టు సిటీ, అక్కడి యాపిల్స్‌కి దేశమంతా పేరు. పుట్టింది 1993 సెప్టెంబర్ 24. అంటే టోక్యో నాటికి ఆమెకి 27 ఏళ్ళు, ఇంకో నెలన్నరలో 28. జావెలిన్‌లో ఇది సరైన వయసే, ఈ ఆటలో భుజం, నడుము, కాళ్ళు మూడూ ఒక లయలోకి రావడానికి ఏళ్ళు పడుతుంది.

చైనాలో చిన్నపిల్లల్ని తీసుకెళ్ళిపోయి స్పోర్ట్స్ స్కూల్లో పడేస్తారంట కదా?

"పడేస్తారు" అనేది కొంచెం మనవాళ్ళు కలిపింది. అక్కడ జిల్లా స్థాయి నుంచే స్పోర్ట్స్ స్కూళ్ళు ఉంటాయి. కోచ్‌లు బళ్ళకి వచ్చి ఎత్తు, చేతుల పొడవు, పరుగు చూసి పిల్లల్ని ఎంచుకుంటారు, అందులో బాగా చేసినవాళ్ళు ప్రావిన్స్ టీమ్‌కి వెళ్తారు, వాళ్ళలోంచి నేషనల్ టీమ్. నాలుగేళ్ళకోసారి జరిగే వాళ్ళ నేషనల్ గేమ్స్‌లో ప్రావిన్స్‌కి ప్రావిన్స్‌కి మధ్య పోటీ మామూలుగా ఉండదు, ఆ పోటీ వల్లే ప్రతి ప్రావిన్స్ తన త్రోయర్లని పోషించుకుంటుంది. లియు షియింగ్ షాన్‌డాంగ్ తరఫున ఆడుతుంది. దీనివల్ల వచ్చే లాభం ఏంటంటే ఒకే టైంలో ముగ్గురు నలుగురు 64, 65 మీటర్లు వేసేవాళ్ళు తయారవుతారు. నష్టం కూడా అదే, అంతమందిలో దేశం తరఫున టికెట్ తెచ్చుకోవడమే ఒక పెద్ద పోటీ.

## ఆట అర్థం కానివాళ్ళకి

నీరజ్ 87 మీటర్లు వేస్తే ఈమె 66 కే గోల్డా? అంత తేడా ఏంటి?

ఈటెలే వేరండీ. మగవాళ్ళది 800 గ్రాములు, 2.6 నుంచి 2.7 మీటర్ల పొడవు. ఆడవాళ్ళది 600 గ్రాములు, 2.2 నుంచి 2.3 మీటర్లు. 600 గ్రాములంటే అర కిలో కందిపప్పు ప్యాకెట్, పైన ఇంకో గుప్పెడు. చేత్తో పట్టుకుంటే ఇంతేనా అనిపిస్తుంది, విసిరితే తెలుస్తుంది. ఇక అంకెల సంగతి అంటారా, ఆడవాళ్ళ వరల్డ్ రికార్డు 72.28, చెక్ అమ్మాయి బార్బోరా ష్పొతాకోవా 2008 సెప్టెంబర్‌లో స్టట్‌గార్ట్‌లో పెట్టింది. ఆ లెక్కన 66 దాటిన త్రో ఏ ఫైనల్లో అయినా పెద్ద త్రోనే, రియో ఒలింపిక్స్‌లో క్రొయేషియా అమ్మాయి సారా కోలాక్ 66.18 కి గోల్డ్ తీసుకుంది.

ఈటె నేలలో గుచ్చుకుని నిలబడాలా?

అక్కర్లేదు. మొన ముందు నేలకి తగలాలి, అంతే. తగిలాక పడిపోయినా జారిపోయినా లెక్కే. తోక ముందు తగిలినా, బల్లపరుపుగా పడినా చెల్లదు. అలాగే ఈటెని భుజం మీదుగా విసరాలి, గిరగిరా తిరిగి విసరకూడదు, విసిరాక ముందున్న గీత దాటకూడదు.

నేను కాలేజీలో ఒకసారి మీట్‌కి పేరిచ్చా, వెదురు ఈటెలు అప్పట్లో. మూడుసార్లు విసిరితే మూడుసార్లూ తోకే ముందు దిగింది. మూడోసారి అయితే వెనక్కి లాగేటప్పుడు తోక నేలకి తగిలి ఈటె నా చెవి పక్కన టంగుమని కొట్టింది, పీడీ సార్ వచ్చి "నువ్వు కబడ్డీ ఆడుకోరా" అని ఈటె లాక్కున్నారు. ఒలింపిక్స్‌లో అమ్మాయిలు పరిగెత్తుకొస్తూ ఈటెని పూర్తిగా వెనక్కి చాచి, మొన కంటి పక్కనే పెట్టుకుని తీసుకొస్తారు చూడండి, ఆ చెయ్యి ఒక్క అంగుళం కిందకి జారినా నా గతే.

ఎన్ని ఛాన్సులు ఇస్తారు? అన్నీ కలిపి లెక్కేస్తారా?

కలపరు, బెస్ట్ ఒక్కటే చూస్తారు. ఫైనల్లో 12 మంది ఉంటారు, అందరికీ మూడు త్రోలు. టోక్యో ఒలింపిక్స్ నాటి రూల్ ప్రకారం అందులో టాప్ 8 మందికి ఇంకో మూడు ఇచ్చేవాళ్ళు. చివరి రౌండ్లలో వెనకున్నవాళ్ళు ముందు విసురుతారు, లీడింగ్‌లో ఉన్నవాళ్ళు ఆఖర్న. అందుకే ఈ ఆటలో ఆఖరి త్రో దాకా ఎవరి మెడలో ఏ మెడల్ పడుతుందో చెప్పలేం, ముందున్న అమ్మాయి కూర్చుని వెనకున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళు పరిగెత్తుకొస్తుంటే చూస్తూ ఉండాలి.

1991లోనే చైనా అమ్మాయి 68.78 వేసిందని చదివాను, మరి 66.34 గొప్పేంటి?

మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే పొరబడతారు. 1991 వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో షూ డెమెయ్ 68.78 తో గోల్డ్ కొట్టిన మాట నిజం. అయితే అది పాత మోడల్ ఈటె. పాతవి గాల్లో తేలిపోయి చదునుగా వాలిపోయేవి, ఎక్కడ మొన తగిలిందో తేల్చడానికి జడ్జీలకి తలనొప్పి. అందుకని 1999లో ఆడవాళ్ళ ఈటెలో బరువు మధ్యబిందువుని ముందుకి జరిపారు, దాంతో మొన త్వరగా కిందకి వంగుతుంది, దూరం తగ్గుతుంది, రికార్డులన్నీ మళ్ళీ మొదటి నుంచి లెక్కేశారు. తూర్పు జర్మనీ పెట్రా ఫెల్కే 1988లో సరిగ్గా 80.00 వేసింది, అది ఇప్పటి రికార్డుల పట్టికలో కనపడదు, కారణం ఇదే.

తమాషా ఏంటంటే షూ డెమెయ్ గెలిచింది కూడా టోక్యోలోనే, నేషనల్ స్టేడియంలో. ఆ పాత స్టేడియం కొట్టేసి అదే స్థలంలో కొత్తది కట్టారు, 30 ఏళ్ళ తర్వాత లియు షియింగ్ గెలిచింది అక్కడే. చైనా జావెలిన్‌కి ఆ నేల కలిసొచ్చింది అనుకోవాలి.

## మొదటి ఏళ్ళు

మొదట పేరు ఎప్పుడు వినపడింది?

2012లో బార్సిలోనాలో జరిగిన వరల్డ్ జూనియర్ ఛాంపియన్‌షిప్స్‌లో. 18 ఏళ్ళ పిల్ల, 59.20 మీటర్లు, సిల్వర్. గోల్డ్ స్వీడన్ అమ్మాయి సోఫీ ఫ్లింక్‌కి వెళ్ళింది, 61.40. జూనియర్ మెడల్ వచ్చినవాళ్ళందరూ పెద్దయ్యాక నిలబడరు, జావెలిన్‌లో అయితే మరీను, భుజమో మోచెయ్యో పోయి మధ్యలోనే ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. ఈమె తొమ్మిదేళ్ళ తర్వాత అదే చేత్తో ఒలింపిక్ గోల్డ్ దాకా వచ్చింది.

2012 తర్వాత ఏమైపోయింది? 2018 దాకా ఎవరూ వినలేదే?

ఏమీ అయిపోలేదు, ఆడుతూనే ఉంది. 2015లో వుహాన్‌లో ఏషియన్ ఛాంపియన్‌షిప్స్ గోల్డ్ 61.33 తో తీసుకుంది. కాకపోతే అప్పట్లో చైనా జావెలిన్ అంటే పైన వేరే పేర్లు ఉండేవి. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో జాంగ్ లీ 65.47 వేసింది. 2015 బీజింగ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో ల్యూ హుయ్‌హుయ్ 66.13 తో ఆసియా రికార్డు పెట్టి సిల్వర్ తెచ్చింది. 2017 లండన్‌లో లీ లింగ్‌వెయ్ 66.25 తో సిల్వర్, ల్యూ హుయ్‌హుయ్ 65.26 తో బ్రాంజ్. అంటే ఒకే దేశం వాళ్ళు ఇద్దరు పోడియం ఎక్కారు, అందులో లియు షియింగ్ లేదు. ఇంట్లో అక్కలందరూ ర్యాంకులు తెస్తుంటే చిన్నదానికి ఎంత బాగా వచ్చినా ఎవరూ అడగరు చూడండి, అలా ఉండేది పరిస్థితి.

ల్యూ హుయ్‌హుయ్‌కీ ఈమెకీ పడదంట కదా?

అలాంటి మాటకి ఆధారం నేనైతే ఎక్కడా చూడలేదు. పోటీ మాత్రం గట్టిది. హుయ్‌హుయ్ 1989లో పుట్టింది, ఈమె కంటే నాలుగేళ్ళు పెద్ద, 2019 ఆగస్టులో షెన్‌యాంగ్‌లో 67.98 తో ఆసియా రికార్డు పెట్టిన మనిషి. షియింగ్ బెస్ట్ 67.29. అంకెల్లో చూస్తే పెద్దావిడే ముందుంది. కానీ జకార్తాలో, దోహాలో, టోక్యోలో, మూడు పెద్ద పోటీల్లోనూ షియింగ్ ముందు నిలబడింది. రికార్డు ఏ ఊళ్ళో ఏ మధ్యాహ్నమైనా పెట్టొచ్చు, మెడల్ మాత్రం వాళ్ళు చెప్పిన రోజున వేస్తేనే ఇస్తారు. నా మటుకు నాకు హుయ్‌హుయ్ మీద జాలి ఎక్కువ, లండన్ 2012లో ఐదో ప్లేస్, రియోలో ఏడు, టోక్యోలో మళ్ళీ ఐదు, అంత ఆట ఆడి ఒక్క ఒలింపిక్ మెడల్ లేదు.

## జకార్తా, దోహా

2018 ఏషియన్ గేమ్స్‌లో ఎంత వేసింది? మన అన్నూ రాణి ఉందా?

66.09, ఏషియన్ గేమ్స్ రికార్డు. ల్యూ హుయ్‌హుయ్ 63.16 తో సిల్వర్, అంటే దాదాపు మూడు మీటర్ల తేడా, జావెలిన్‌లో ఇది తేడా కాదు, వేరే పోటీ. మన దేశం జావెలిన్ త్రోయర్ అన్నూ రాణి కూడా ఆడింది, 53.93 తో ఆరో ప్లేస్. అదే గేమ్స్‌లో నీరజ్ 88.06 తో మగవాళ్ళ గోల్డ్ కొట్టాడు. అంటే టోక్యోలో గెలిచిన ఇద్దరూ మూడేళ్ళ ముందు జకార్తాలోనే రిహార్సల్ చేసి వెళ్ళారన్నమాట, మనమే ఒకళ్ళని చూసి ఒకళ్ళని చూడలేదు.

దోహాలో గోల్డ్ చేతి దాకా వచ్చి పోయిందంటారు, నిజమా?

నిజమే, నాకు ఇప్పటికీ గుర్తుంది. 2019 అక్టోబర్ 1, చైనా నేషనల్ డే, పైగా 70వ ఏడు. ఆఖరి రౌండ్‌కి వచ్చేసరికి ఆస్ట్రేలియా అమ్మాయి కెల్సీ-లీ బార్బర్ నాలుగో ప్లేస్‌లో ఉంది, చైనా అమ్మాయిలిద్దరూ ఆమె కంటే పైన ఉన్నారు. బార్బర్ వచ్చి తన ఆఖరి త్రో 66.56 వేసింది. నాలుగు నుంచి ఒకటికి. లియు షియింగ్ 65.88 తో సిల్వర్, ల్యూ హుయ్‌హుయ్ 65.49 తో బ్రాంజ్. 68 సెంటీమీటర్లు, బడి స్కేలు పెడితే రెండు స్కేళ్ళు, పైన నాలుగు వేళ్ళు.

చైనా వాళ్ళకి ఈ దెబ్బ కొత్త కాదు కూడా. 2015లో సొంతగడ్డ బీజింగ్‌లో హుయ్‌హుయ్ లీడింగ్‌లో ఉంటే జర్మనీ అమ్మాయి కాతరీనా మోలిటర్ ఆఖరి త్రో 67.69 వేసి లాక్కుపోయింది. అంతమంది మంచి త్రోయర్లు ఉండి కూడా ఆఖరి త్రో అంటే వాళ్ళకి గండమే.

అన్నూ రాణి దోహాలో ఫైనల్ ఆడిందా?

ఆడింది. క్వాలిఫయింగ్‌లో 62.43 వేసి అప్పటి నేషనల్ రికార్డు పెట్టి మరీ ఫైనల్‌కి వెళ్ళింది, వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ జావెలిన్ ఫైనల్ ఆడిన మొదటి ఇండియన్ మహిళ. ఫైనల్లో 61.12 తో ఎనిమిదో ప్లేస్.

## టోక్యో

ఆ రోజు ఏం జరిగిందో వివరంగా చెప్పండి.

2021 ఆగస్టు 6, సాయంత్రం. కరోనా వల్ల స్టేడియంలో జనం లేరు, కుర్చీలు ఖాళీ, ఈటె నేలకి దిగిన చప్పుడు కూడా వినపడేంత నిశ్శబ్దం. మన దగ్గర ఆ రోజు అందరి మూడూ బాలేదు, పొద్దున్నే అమ్మాయిల హాకీ టీమ్ బ్రాంజ్ మ్యాచ్‌లో బ్రిటన్ చేతిలో 4-3 తో ఓడింది, తర్వాత రెజ్లింగ్‌లో బజరంగ్ సెమీస్‌లో ఓడాడు. అన్నూ రాణి అప్పటికే క్వాలిఫయింగ్‌లో 54.04 దగ్గర ఆగిపోయింది కాబట్టి ఈ ఫైనల్ పెట్టుకుని చూసినవాళ్ళు మనలో ఎంతమందో నాకు అనుమానమే. నేను ఫోన్‌లో చూశా, అదీ టీ తాగుతూ సగం ధ్యాసతో.

మొదటి రౌండే. లియు షియింగ్ వచ్చింది, 66.34. అంతే, పోటీ అక్కడికి అయిపోయింది, కానీ అయిపోయిందని ఎవరికీ తెలీదు. ఇంకా ఐదు రౌండ్లున్నాయి, వెనక 71 మీటర్లు వేసిన మనిషి ఉంది, దోహాలో ఆఖరి త్రోతో లాక్కున్న బార్బర్ కూడా అక్కడే ఉంది. ఆఖరి రౌండ్ దాకా 66 ఎవరూ దాటలేదు. పోలండ్ మరియా ఆంద్రేచిక్ 64.61 సిల్వర్, బార్బర్ 64.56 బ్రాంజ్. రెండేళ్ళ కింద బార్బర్ ఆఖరి త్రో చూసిన అమ్మాయికి ఆ గంటసేపు ఎలా గడిచుంటుందో మీరే ఆలోచించుకోండి.

71 మీటర్లు వేసిన అమ్మాయి ఎందుకు ఓడిపోయింది?

మరియా ఆంద్రేచిక్ 2021 మేలో క్రొయేషియాలోని స్ప్లిట్‌లో 71.40 వేసింది, ప్రపంచ చరిత్రలోనే మూడో బెస్ట్ త్రోయర్ అయింది. టోక్యో క్వాలిఫయింగ్‌లో కూడా ఆమెదే టాప్, 65.24. ఫైనల్లో 64.61 దగ్గర ఆగింది. జర్మనీ క్రిస్టిన్ హుస్సోంగ్ సంగతి ఇంకా ఘోరం, ఆ ఏడాదే 69.19 వేసినావిడ ఫైనల్లో టాప్ 8 లోకి కూడా రాలేదు. ఈటె కొంచెం ఎక్కువ లేచినా, ఎడమ కాలు బ్రేకు వేసినట్టు గట్టిగా దిగకపోయినా నాలుగైదు మీటర్లు గాల్లో కలిసిపోతాయి.

ఆంద్రేచిక్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఈ అమ్మాయి రియోలో రెండే రెండు సెంటీమీటర్ల తేడాతో బ్రాంజ్ పోగొట్టుకుంది, 2018లో ఎముక క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకుంది, అన్నీ దాటుకుని టోక్యోలో సిల్వర్ తెచ్చుకుంటే దాన్ని ఒక పసిబిడ్డ గుండె ఆపరేషన్ కోసం వేలంలో పెట్టేసింది. కొన్న పోలండ్ షాపుల కంపెనీ డబ్బులిచ్చి మెడల్ ఆమె దగ్గరే ఉంచుకోమంది.

చైనాకి ఈ గోల్డ్ ఎంత పెద్ద విషయం? వాళ్ళకి 38 వచ్చాయి కదా?

38 లో అథ్లెటిక్స్‌వి రెండే. ఒకటి షాట్‌పుట్‌లో గోంగ్ లీజియావ్, 20.58, ఆగస్టు 1న, మన సింధు బ్రాంజ్ తెచ్చిన రోజే. రెండోది ఇది. డైవింగ్, వెయిట్‌లిఫ్టింగ్, టేబుల్ టెన్నిస్‌లో గోల్డ్ వస్తే అక్కడ "వచ్చింది" అంటారు, ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో వస్తే "వచ్చిందా!" అంటారు. హామర్‌లో వాంగ్ జెంగ్ సిల్వర్ కూడా కలుపుకుంటే టోక్యోలో చైనా ఆడవాళ్ళ త్రోస్ టీమ్ దుమ్ము దులిపింది అనొచ్చు.

మరి ఆసియాలో జావెలిన్‌కి మొదటి ఒలింపిక్ గోల్డ్ నీరజ్‌దా ఈమెదా?

తేదీ చూస్తే ఈమెదే, ఆగస్టు 6. నీరజ్ ఆగస్టు 7న రెండో త్రో 87.58 తో గెలిచాడు. మగవాళ్ళలో ఆసియాకి మొదటిది నీరజ్‌ది, ఆడవాళ్ళలో ఈమెది. క్విజ్‌లో "జావెలిన్‌లో ఒలింపిక్ గోల్డ్ గెలిచిన మొదటి ఆసియన్ ఎవరు" అని అడిగి నీరజ్ అని మార్కు వేసేవాళ్ళని నేను చూశాను, వాదిస్తే దేశద్రోహిలా చూస్తారు, కాబట్టి జాగ్రత్త.

## టోక్యో తర్వాత

ఆ గోల్డ్ గాలివాటమే కదా, తర్వాత ఏమీ గెలవలేదుగా?

గాలివాటం ఏంటండీ. 2018లో 66.09, 2019లో 65.88, 2020లో 67.29, 2021లో 66.34. నాలుగేళ్ళూ 66 దగ్గర్లోనే తిరిగిన మనిషి. టోక్యోలో కొత్తగా ఏమీ చేయలేదు, తనకి రోజూ వచ్చేదే చేసింది, కాకపోతే మొదటి త్రోకే చేసింది, మిగతావాళ్ళు తమకి వచ్చింది కూడా చేయలేకపోయారు.

2022 యూజీన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో ఎంత దూరంలో మెడల్ పోయింది?

రెండు సెంటీమీటర్లు. చూపుడు వేలూ మధ్య వేలూ పక్కపక్కన పెట్టుకుంటే ఇంకా ఎక్కువే ఉంటుంది. లియు షియింగ్ 63.25 తో నాలుగో ప్లేస్. జపాన్ అమ్మాయి హరుకా కితగుచి ఆఖరి రౌండ్‌లో 63.27 వేసి బ్రాంజ్ తీసుకుంది. మళ్ళీ ఆఖరి త్రోనే! గోల్డ్ బార్బర్‌ది, 66.91. ఆ ఫైనల్లో మన అన్నూ రాణి ఏడో ప్లేస్, దూరం సరిగ్గా దోహాలో వేసిందే, 61.12.

టోక్యో ఒలింపిక్ ఫైనల్లో ఈ కితగుచి నడుము దగ్గర గాయంతో 55.42 వేసి ఆఖరి ప్లేస్‌లో, అంటే పన్నెండో ప్లేస్‌లో ఉండిపోయిన అమ్మాయి. అక్కడి నుంచి 2023 బుడాపెస్ట్‌లో 66.73 తో వరల్డ్ ఛాంపియన్, 2024 పారిస్‌లో 65.80 తో ఒలింపిక్ ఛాంపియన్. అంటే లియు షియింగ్ గెలిచిన టైటిల్ తర్వాత వెళ్ళింది కూడా ఆసియా చేతికే, యూరప్ వాళ్ళకి కాదు.

హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో అన్నూ రాణి చైనా వాళ్ళని ఓడించింది కదా?

ఓడించింది, అదీ వాళ్ళ ఊళ్ళో. 2023 అక్టోబర్ 3న 62.92 తో గోల్డ్, ఏషియన్ గేమ్స్ ఆడవాళ్ళ జావెలిన్‌లో ఇండియాకి మొదటి గోల్డ్. శ్రీలంక నదీషా లేకమ్గే 61.57 సిల్వర్, ల్యూ హుయ్‌హుయ్ 61.29 బ్రాంజ్. జకార్తాలో 53.93 వేసిన అన్నూ ఐదేళ్ళలో తొమ్మిది మీటర్లు పెంచుకుంది. లియు షియింగ్ జకార్తాలో పెట్టిన 66.09 రికార్డు జోలికి మాత్రం ఆ రోజు ఎవరూ వెళ్ళలేదు.

మా పాపని జావెలిన్‌లో వేద్దామనుకుంటున్నా, ఈమెలాగా 600 గ్రాములతో మొదలుపెట్టించాలా?

వద్దు. 18 ఏళ్ళ లోపు అమ్మాయిలకి పోటీల్లోనే 500 గ్రాముల ఈటె. ఇంకా చిన్నపిల్ల అయితే ముందు బంతి విసరడం, పరుగు, నడుము బలం. భుజం ఒక్కసారి పాడైతే ఆ చేత్తో జడ వేసుకోవడం కూడా కష్టమే. ఎవరూ లేని గ్రౌండ్ చూసుకోండి, ఎదురుగా మనుషులుంటే ఈటె ముట్టుకోనివ్వకండి, మంచి కోచ్ దొరికేదాకా ఆగినా నష్టం లేదు.

చైనాలో ఈమె తర్వాత ఎవరు?

యాన్ జియీ అని ఒక పిల్ల ఉంది, 2008లో పుట్టింది. 2024 మార్చిలో చెంగ్డూలో, ఇంకా 15 ఏళ్ళకే, 64.28 వేసింది. లియు షియింగ్ 18 ఏళ్ళప్పుడు వరల్డ్ జూనియర్స్‌లో సిల్వర్ తెచ్చుకున్నది 59.20 కి. టోక్యోలో ఆంద్రేచిక్‌కి, బార్బర్‌కి మెడల్స్ తెచ్చిన త్రోలు 64.61, 64.56. టెన్త్ చదివే వయసు పిల్ల వాటికి జానెడు, బెత్తెడు దూరంలోకి వచ్చేసింది, ఇంక మీరే చూసుకోండి.